గుండ్లగుట్ట నుంచి వచ్చిన మూట

తారి కంటె ముందు తారి అనుమానం పుట్టిందని ఆమె పెనిమిటి మంగీలాల్ బతికున్నన్ని రోజులు అనేటోడు. అందుల అబద్ధమేం లేదు. కేసముద్రం అంగడిల వంకాయలు కొంటె తక్కెడ కిందికి వంగి చూస్తది. జనాభా లెక్కలాయన వచ్చి ఇంట్ల ఎందరుంటరని అడిగితె, "మీకెందుకు? బువ్వ పెడ్తరా?" అన్నది. కరెంటు మీటరు చూసేటాయన గోడవతల నుంచే మెడ సాపి రాసుకొని పోతడు, లోపలికి అడుగు పెట్టనియ్యదు. కోడలు సుమ ఫోన్ చూసుకుంట నవ్వితె అది తన మీది నవ్వేనని మూడు రోజులు మూతి ముడుచుకుంటది. అరవై రెండేండ్లొచ్చినయి, కంటి ఆపరేషనైంది, మోకాళ్లు పట్టుకున్నయి. అనుమానానికి మాత్రం ఏ రోగం రాలె.

అయితె గీ అనుమానాలన్నిట్ల అసలుది ఒక్కటే. అది ఇంటెనక అర్రల, వడ్ల బస్తాల మాటున, పాత చీరల చుట్టి పద్దెనిమిదేండ్ల సంది ఉన్నది. ఏడు రాళ్లు. ఒక్కొక్కటి కొబ్బరికాయంత ఉంటది. సీత్లా తల్లి, ఆమె అక్కచెల్లెండ్లు. తండల పిల్లల్ని రోగాల నుంచి కాపాడే తల్లులు. యేటా ఆషాఢంల ఓ మంగళారం తండ అంత పొలిమేరకాడికి పోయి, ఏడు రాళ్లు నిలవెట్టి, గుగ్గిళ్లు పెట్టి మొక్కుతది. తారి గూడ పోతది, అందరితోని పాడుతది, ఆడుతది. ఇంటికొచ్చినంక మాత్రం కొంగుల దాసుకొచ్చిన గుప్పెడు గుగ్గిళ్లు బస్తాల ఎనకకు చల్లుతది. సుమ రెండు మూడుసార్లు చూసింది. "అత్త ఎలుకలకు గూడ పండుగ జేస్తున్నది" అని మొగనికి చెప్పి కడుపు పట్టుకొని నవ్వింది.

ఆ రాళ్లు తారియి కావు. హైదరాబాదుల ఓ బస్తీవి, బస్తీ మొత్తానియి. ఎవ్వరినడగకుంట, ఎవ్వరికి చెప్పకుంట ఎత్తుకొచ్చింది. ఏనాటికైన పట్నం నుంచి ఎవరో ఒకరొచ్చి, తండ నడుమ నిలవెట్టి దొంగ అంటరని ఆమె భయం. ఆ వచ్చేది ఎవరో గూడ ఆమె మనసుల ఖాయం జేసుకున్నది. సొంత తమ్ముడు గోపాల్.

మొన్న ఆషాఢం మొదట్ల, పొద్దటి రైలు కూతపెట్టి పోయిన అరగంటకు స్టేషన్ దిక్కు నుంచి ఓ ఆటో వచ్చి తారి ఇంటి ముందర ఆగింది. అందులకెల్లి నలభై ఏండ్ల ఆమె దిగింది. కండ్లద్దాలు, నూలుచీర, భుజానికి సంచి, చేతిల కాయితాలు. కాయితాలు కనవడంగనే తారి చేటల బియ్యం పక్కకు పెట్టి సదురుకొని కూసున్నది.

"అవ్వా, ఇక్కడ తారి అంటె ఎవరు?"

"ఏ తారి? మా తండల ముగ్గురు తారీలున్నరు."

"పట్నంల గుండ్లగుట్టల ఉండి వచ్చిన తారి."

తారి చేట మళ్ల ఒళ్లెకు గుంజుకున్నది. ఆ పేరు ఆ వాకిట్ల ఎవ్వరూ అనక ఏండ్లు గడిచిపోయినయి.

"ఆమె సచ్చిపోయింది" అన్నది తారి.

"అయ్యో! ఎప్పుడు?"

"శానా రోజులైంది. పో బిడ్డా, తొందరగ పోతె తిరుగు రైలు దొరుకుతది."

గంతల్నే సుమ బయటికొచ్చి, "ఎవరు కావాలె మేడం? తారినా? మా అత్తనే. కూసోండ్రి" అని కుర్చీ ఏసింది. తారి చూసిన చూపుకు వేరే కోడలైతె ఇంట్లకు ఉరికేది. సుమకు అలవాటైపోయింది, చాయ పెట్టవోయింది.

వచ్చినామె ముసిముసి నవ్వింది. "సచ్చిపోయినా మంచిగనే ఉన్నవవ్వా. నా పేరు శైలజ, మాది జనగామ. పట్నంల కాలేజీల చరిత్ర పాఠం చెప్త. ఏ బస్తీకి ఆ పేరు ఎట్లొచ్చింది, ఇప్పుడున్న మేడల కంటె ముందు అక్కడ ఎవరుండేటోళ్లు, గిదంత ఒక పుస్తకం రాస్తున్న. గుండ్లగుట్ట ముచ్చట నిన్నడగమన్నరు."

"ఎవరడగమన్నరు?"

"మీ తమ్ముడు గోపాల్."

ఇగ దొరికిపోయిన అనుకున్నది తారి. వాడే రాకుంట చదువుకున్నామెను తోలిచ్చిండు, ఎంత తెలివి!

ఇక్కడ ఆ గుట్ట సంగతి చెప్పాలె. తారి, మంగీలాల్ పట్నం పోయిన యేడు కేసముద్రం దిక్కు చుక్క వాన లేదు. బాయిల అడుగు కనవడ్డది. ఇంటికి గొళ్లెం పెట్టి, తమ్ముణ్ని ఎంట తీసుకొని ప్యాసింజరెక్కి సికింద్రాబాద్‌ల దిగిండ్రు. అప్పట్ల జూబ్లీహిల్స్ దాటినంక ఊరనేదే లేదు, అన్ని రాళ్లే. ఇల్లంత గుండు మీద బండంత గుండు ఎక్కి కూసునేది. ఆ గుండ్ల నడుమ గుడిసెలేసుకొని కేసముద్రం తండలోళ్లు, రేగొండ దిక్కోళ్లు, చిట్యాల దిక్కోళ్లు కలిసి నలభై ఇండ్లయిండ్రు. రాళ్లు కొట్టుడు, కంకర జేసుడు, లారీలకెత్తుడు. బస్తీకి ఎవ్వరు కూసొని పేరు పెట్టలె. "గుండ్లగుట్టకాడ దిగేటోళ్లు దిగుండ్రి" అని ఓ బస్సు కండక్టరు అరిసిండు, అదే పేరైపోయింది.

పట్నం పోయొచ్చినోళ్లు చార్మినార్ చూసిన, గోల్కొండ చూసిన అంటరు. తారి చార్మినార్ ఒక్కసారి చూసింది, అది గూడ కంకర లారీ మీద కూసొని. హుస్సేన్‌సాగర్ల బుద్ధుని బొమ్మ చూపెట్టి మంగీలాల్, "గిది మన రైలు తొవ్వల రాయిగిరి కాడి రాయే. తెస్తుంటె మునిగి రెండేండ్లు నీళ్లల్ల పన్నది, మళ్ల లేపిండ్రు" అంటె ఆమె నమ్మలె. మునిగిన రాయి ఎట్ల లేస్తదని ఇల్లు చేరేదాక కొట్లాడింది. ఆమెకు తెలిసిన పట్నం వేరు. మాదాపూర్ దిక్కు ఏ రోడ్డు కింద తన కంకర ఉన్నదో, ఏ అద్దాల మేడ పునాదిల మంగీలాల్ రాళ్లున్నయో అడగండ్రి, కండ్లు మూసుకొని చెప్తది. ఆ మేడలు లేచినంక ఓసారి ఒకదాని ముందర నీడకు నిలవడ్డది. "జరుగు జరుగు" అన్నడు గేటుకాడి మనిషి. ఆ మాట యాదికొస్తె ఇప్పటికీ ఆమెకు ఒళ్లు మండుతది. మండదా మరి?

గోపాల్ ఆమెకు పదేండ్లు చిన్న. ఎడమచేతివాటం. సుత్తె ఎడమచేత పట్టి లేపితె కొత్త మేస్త్రీలు పరేషాన్ అయ్యేటోళ్లు, రాయి ఖరాబైతదని. ఎన్నడు కాలె. అందరి దెబ్బ కుడి నుంచి ఎడమకు వాలితె గోపాల్ దెబ్బ ఎడమ నుంచి కుడికి వాలేది. చీల్చిన రాయి మీది గాట్లు చూసి, గిది గోపాల్ కొట్టిందని బస్తీల పసిపిల్లలు గూడ చెప్పేటోళ్లు.

తారి కొడుకు జగన్‌కు మూడేండ్లున్నప్పుడు తట్టు పోసింది. ఒళ్లంత కాలిపోతున్నది, పిలగాడు కండ్లు తెరుస్తలేడు. రేగొండ దిక్కు నుంచి వచ్చిన లాలి ముసల్ది బస్తీకంత పెద్ద దిక్కు. ఆమె గుట్ట సుట్టు తిరిగి ఏడు రాళ్లేరింది. సుత్తె తాకని రాళ్లు, వానకు వానకు నున్నగైనయి. వాటిని అన్నిట్ల పెద్ద గుండు కింద నిలవెట్టి పసుపు రాసి, తారిని మొక్కమన్నది. మూడో నాటికి జగన్ లేచి బువ్వ అడిగిండు. ఆనాటి సంది బస్తీల ఏ బిడ్డకు ఒళ్లు వెచ్చబడ్డా ఆ గుండుకాడికే ఉరికేటోళ్లు.

జగన్‌కు తట్టు పోసిన పదేండ్లకు పట్నం గుట్టకాడికి నడిసొచ్చింది. ఓ పొద్దు మిషన్లొచ్చినయి. మధ్యాన్నం లోపల ఖాళీ జెయ్యుండ్రి అన్నరు. నలభై ఇండ్లోళ్లు తట్టాబుట్టా సదురుకుంటున్నరు, పిల్లలేడుస్తున్నరు, పెద్ద గుండు దిక్కు ఓ మిషను గరగర మనుకుంట పోతున్నది. తారి ఉరికింది. ఏడు రాళ్లు చీరల చుట్టి, పనిముట్ల గోనెసంచిల అడుగున పెట్టి, పైనంగ సుత్తెలు, ఉలులు ఏసింది. అందరి తల్లిని ఒక్క ఇంట్ల పెట్టుకునుడు తండల శానా పెద్ద తప్పు. అందరి పిల్లల కాపును ఒక్కతే గుంజుకున్నట్టు. ఎవరింట్ల బిడ్డ మంచం పట్టినా నీ వల్లనే అంటరు. గదంత తెల్సే తెచ్చుకున్నది.

తండకు మళ్లేటప్పుడు సికింద్రాబాద్ స్టేషన్ల ఆ సంచి మోసింది గోపాలే. అతడు పట్నంలనే ఉండిపోతనన్నడు.

"ఏందే బాయీ, ఇంత బరువు?" అన్నడు. బాయి అంటె వాళ్ల భాషల అక్క.

"సుత్తెలు, ఉలులురా."

గోపాల్ సంచిని ఈ భుజం మీదికెల్లి ఆ భుజం మీదికి మార్చిండు. సీటు కింద పెట్టి, రైలు కదిలితె ప్లాట్‌ఫారం కొస దాక కిటికీ ఎంబడి నడిచిండు.

రెండు నెలలైనంక తండల కిరాణా దుకాణానికి ఫోనొచ్చింది. గోపాల్. "బాయీ, నీలిని దవాఖానల ఏసినం. తొమ్మిది రోజులైంది, జ్వరం దిగుతలేదు. నువ్వు అమ్మకు భోగ్ జెయ్యవే." భోగ్ అంటె నిప్పుల మీద నెయ్యి, బెల్లం బువ్వ ఏసి తల్లికి పొగ పట్టుడు. నీలి గోపాల్ బిడ్డ, నాలుగేండ్ల పోరి.

"ఏ అమ్మకురా?"

"నీకు తెల్వదా బాయీ."

అంతే. తారి ఇటు అటు చూసింది. వీనికి తెల్సింది! నా బిడ్డ మంచం పట్టింది నీ దొంగతనం వల్లనే అంటున్నడు. దుకాణంల పదిమంది చెవులు ఇటే ఉన్నయి. "నన్నే అంటవురా?" అని ఫోన్ ఠక్కున పెట్టేసింది. మళ్ల మూడుసార్లొచ్చింది ఫోను, పోలె. భోగ్ గూడ చెయ్యలె. చేస్తె ఒప్పుకున్నట్టే గద! ఎనక అర్రల పొగ లేస్తె ఇదేందని తండ అడగదా? నీలి లేచి తిరుగుతున్నదని వారానికి ఎవరో చెప్తె తెల్సింది. ఆనాటి నుంచి అక్కాతమ్ముళ్లకు మాటల్లేవు. మంగీలాల్ పోయిన్నాడు గోపాల్ వచ్చిండు. తారి తలెత్తి చూడలె. వాని చూపు ఎనక అర్ర మీదనే ఉన్నదని ఆమె అనుమానం. గోపాల్ వాకిట్లనే కూసొని ఏడ్చి, వాకిట్లకెల్లే పోయిండు.

అటువంటి గోపాల్ తోలిచ్చిన మనిషి ఇప్పుడు ఎదురుంగ కూసొని చాయ తాగుతున్నది.

"చెప్పవ్వా, గుండ్లగుట్టల మీరెన్నేండ్లున్నరు?"

"ఆర్నెల్లు."

శైలజ తలెత్తి చూసి, రాసుకున్నది. "పెద్ద గుండు కింద తల్లులుండెనట గద?"

"తల్లి లేదు, గిల్లి లేదు. రాళ్లు లేవు. మా తండోళ్లు లేరు. కూలికి పోయినం, వచ్చినం. రాసుకో."

అన్ని రాసుకున్నది. కలం మూతపెట్టి కాయితాలు ఒళ్లె పెట్టుకున్నది. "నువ్విట్లనే అంటవని మీ తమ్ముడు ముందుగాల్నే చెప్పిండు."

"ఇంకేమన్నడు వాడు?"

"ఏమనలె. 'ఆ కథ నాది కాదు మేడం, మా అక్కది. ఆమె చెప్తె రాయండ్రి, లేదంటె ఇడిసిపెట్టుండ్రి' అన్నడు."

ఇది గూడ గాలమే అనుకున్నది తారి.

"అవ్వా, బంజారాహిల్స్ అని మీవాళ్ల పేరు మీదనే ఉన్నది పట్నంల. తెల్సు గద?"

"పేరుంచుకున్నరు, మనుషుల్ని పంపిండ్రు" అన్నది తారి కస్సుమని. అన్నంక నాలిక్కరుచుకున్నది. ఆర్నెల్ల మనిషికి అంత కోపమెందుకు?

శైలజ నవ్వలె. "అదే చెప్తున్న. ఆ పెద్ద గుండు ఇంక ఉన్నది. మిషన్లకు లొంగలె. కాలనీ కట్టినోళ్లు అందంగున్నదని సుట్టు పార్కు జేసిండ్రు. తల్లుల సుట్టు పాలరాయి పరిచి, వెయ్యేండ్ల కింద రాజులు నిలవెట్టిండ్రని బోర్డు పెట్టిండ్రు. గుట్టల బతికిన మీవాళ్లు యేటా సీత్లాకు పోతుండె. నాలుగేండ్ల సంది గేటు మూసుడే. మూసేది ఎవరనుకున్నవ్? గోపాలే. ఆడ గేటుకాడ నౌకరీ. మీవాళ్లు గుగ్గిళ్ల గంపలు పట్టుకొని వస్తరు, మీ తమ్ముడు లోపల నుంచి తాళమేసి తల దించుకుంటడు. గీ తల్లులు మీయే అని ఎక్కడన్న రాసి ఉన్నదా, తెచ్చి చూపెట్టుండ్రి, ఒక్క పూట ఇడుస్తమన్నరట కమిటీవాళ్లు. ఇగో, నా పుస్తకంల ఆ పేజీ ఇదే. నువ్వు చెప్పింది చెప్పినట్టు అచ్చేస్తె మీవాళ్లు అక్కడ ఎన్నడు లేనట్టే."

"ఏ తల్లులు? ఆడ తల్లులెక్కడియి? అవి గీడ..." అని తారి నోట్లకొచ్చిన మాట మింగింది. తల్లులే లేని కాడ గేటు మూసుడెందుకు? ఈమె గిట్ల అల్లి చెప్పి తన నోట కక్కిస్తున్నదని అనుమానం బలవడ్డది.

శైలజ ఫోన్ తీసి ఫొటో చూపెట్టింది. అదే గుండు. నడుమ కాడ పాత చీలిక, జగన్ ఎక్కి జారిన బండ, అన్ని అట్లనే ఉన్నయి. గుండు కింద పాలరాయి. పాలరాయి మీద పసుపు కుంకుమలతోని తల్లులు.

ఒకటి, రెండు, మూడు... ఏడు.

తారి మళ్ల లెక్కవెట్టింది. ఏడే. ఎనక అర్ర దిక్కు చూసింది, ఫోన్ దిక్కు చూసింది.

"పెద్దగ జెయ్యి."

శైలజ రెండు వేళ్లతోని బొమ్మ పెద్దగ జేసింది. తారి ఫోన్‌ను ముక్కుకాడికి తెచ్చుకున్నది. ఇవి నున్నటి రాళ్లు కావు. పగలగొట్టిన రాళ్లు. పసుపు రాలిన కాడ ఉలి గాట్లు కనవడుతున్నయి. ఇరవై ఏండ్లు రాళ్లల్ల బతికిన మనిషికి ఇంకొకరు చెప్పాల్నా? గాట్లన్ని ఎడమ నుంచి కుడికి వాలి ఉన్నయి.

తారికి అప్పుడు సమజైంది. ఆ సంచి మోస్తున్నప్పుడే వానికి తెల్సింది. తెల్వకుంట ఎట్లుంటది? సుత్తెలు ఒరుసుకుంటె గణగణమంటయి, రాళ్లు ఒరుసుకుంటె గరగరమంటయి. పోరగాడప్పటి సంది రాయి మోసిన భుజం అది. అక్కను రైలెక్కిచ్చి ఎనుకకు పోయి, ఖాళీ అయిన జాగల తన చేత్తోని ఏడు రాళ్లు కొట్టి నిలవెట్టిండు. అక్కను ఎవ్వరు దొంగ అనకూడదని. మరి నీలికి జ్వరమొచ్చిన్నాడు భోగ్ జెయ్యమన్నది? అది ఎత్తిపొడుపు కాదు. వానికి తెల్సు తాను నిలవెట్టినయి ఉత్త రాళ్లని, తల్లి అక్క ఇంట్ల ఉన్నదని. బిడ్డ పానం కోసం బతిమాలుకున్నడు. తాను ఫోన్ పెట్టేసింది.

"నేనెంత పాపిష్టిదాన్నిరా గోపాల్!" అని నోరు మీద కొంగు పెట్టుకొని తారి బోరుమన్నది.

సుమ చేతిల పని ఇడిసి ఉరికొచ్చింది. అత్త ఏడ్చుడు ఆమె మామ పోయిన్నాడు గూడ ఇంతగ చూడలె. తారి ఎవ్వరికేం చెప్పకుంట లేచి ఎనక అర్రలకు పోయింది. బస్తాలు జరిపి మూట గుంజుకొచ్చి వాకిట్ల ఇప్పింది. ఏడు నున్నటి రాళ్లు, వాటి సందులల్ల ఎండిపోయిన గుగ్గిళ్లు.

"ఎలుకలకు పెడ్తున్నవనుకున్న అత్తా" అన్నది సుమ చిన్నగ, చెంపలేసుకుంట.

అప్పుడు తారి చెప్పింది. వాన లేని యేడు నుంచి మొదలువెట్టి, కండక్టరు పెట్టిన పేరు, లాలి ముసల్ది ఏరిన రాళ్లు, జగన్ తట్టు, మిషన్లు, సంచి, ఫోను, ఏది దాయలె. శైలజ ముందుగాల రాసుకున్న కాయితం చింపి కొత్త కాయితం మీద రాసింది. చెయ్యి నొచ్చి మధ్యమధ్యల వేళ్లు ఇరుసుకున్నది.

"అవ్వా, నువ్వు రాళ్లు తెచ్చుకున్న సంగతి రాయాల్నా వద్దా?"

"రాయి. దొంగ అని రాయి, పేరు తారి అని రాయి. ఏడు రాళ్లు కొట్టి నిలవెట్టింది గోపాల్ అని గూడ రాయి. ఎడమచెయ్యి అని మర్చిపోకు."

శైలజ ఫోన్ కలిపి ఆమె చేతికిచ్చింది. అటుదిక్కు "హలో మేడం" అన్న గొంతు ముసలిగొంతైంది. తారి ఫోన్‌ను చెవికి గట్టిగ అదుముకున్నది.

"బాయీ?" అన్నడు గోపాల్, ఊపిరితోనే గుర్తువట్టి.

"నీ చెయ్యి ఇంక ఎడమదేనారా?"

అటుదిక్కు నవ్వో ఏడుపో తెల్వది. "అదెట్ల మారుతది బాయీ?"

"తెల్సి గూడ ఎందుకడగలె?"

"అడిగితె ఇచ్చేదానివా? మిషను కింద పడేదానికంటె నీ సంకల ఉండుడే నయమనుకున్న. పాతయి నలిగిపోయినయని బస్తీవాళ్లకు చెప్పిన. ఎవ్వరు మారు మాట అనలె."

"గోపాల్, నీలికి జ్వరమొచ్చిన్నాడు భోగ్ జెయ్యమన్నవు గద."

"ఆఁ."

"చెయ్యలేదురా. నన్ను దొంగంటున్నవనుకున్న. నిప్పు గూడ ముట్టియ్యలె."

ఫోన్ కట్టయిందేమోనని తారి రెండుసార్లు చూసింది.

"ఆ పోరికి నువ్వు చేసినవనే చెప్పిన బాయీ" అన్నడు గోపాల్. "మీ మేనత్త భోగుకే లేచినవని. ఇప్పటికీ అది గదే నమ్ముతది. దానికిప్పుడు ఓ కొడుకు. సీత్లా మంగళారం నువ్వొస్తవా?"

"వాళ్లు గేటు తీస్తరంటవా? మాట మార్చరా? నాకైతె నమ్మకం లేదు."

"నువ్వు రా. తాళం నా చేతులనే ఉంటది."

"మరి రాళ్లు తేవాల్నా?"

"తెస్తె పద్నాలుగైతయి, కమిటీవాళ్లు ఇంకో బోర్డు పెడ్తరు. అవి నీ ఇంట్లనే ఉండనియ్. నువ్వు రా బాయీ."

అట్ల ఆ మంగళారం నాటికి తారి, సుమ పట్నంల ఉన్నరు. శైలజ తన కాయితాలు కమిటీవాళ్లకిచ్చి, సంతకాలు పెట్టించుకొని, ఒక్క గంట సందు ఇప్పిచ్చింది. కోడి కొయ్యొద్దు, డప్పు కొట్టొద్దు, గుగ్గిళ్లు మాత్రం పెట్టుకోవాలె అన్నరు. వెయ్యేండ్ల బోర్డు మాత్రం తియ్యలె. నలభై ఇండ్లల్ల మిగిలిన పన్నెండు ఇండ్ల ఆడోళ్లు గంపలెత్తుకొని గేటవతల నిలవడ్డరు. కమిటీ పెద్దమనిషి ఒకాయన ఫోన్ల ఇదంత వీడియో తీస్తున్నడు. గోపాల్ నీలిరంగు అంగీల, నెత్తి నెరిసి, ఎడమచేత తాళంచెవి పట్టుకొని వచ్చిండు. తాళం తీసి, గేటు రెండు రెక్కలు తెరిచి, పక్కకు నిలవడ్డడు. ఈసారి తల దించలె.

తారి తమ్ముని ముందర ఆగింది. వాని ఎడమచెయ్యి పట్టుకొని కండ్లకద్దుకున్నది. "వద్దే" అని గోపాల్ చెయ్యి గుంజుకోవోయిండు, ఆమె ఇడువలె.

గుండు కాడ నీలి ఉన్నది. ఇరవై రెండేండ్ల మనిషి, సంకల పిలగాడు. మేనత్తను చూడంగనే కాళ్ల మీద పడవోయింది. "నీ భోగుకే బతికిన్నంట అత్తా" అన్నది. తారి ఆమె రెక్క పట్టి లేపింది. గోపాల్ వద్దని కనుసైగ చేసిండు. తారి చూసింది గని ఆగలె.

"అబద్ధం బిడ్డా. నేను చెయ్యలె. మీ బాపు బతిమాలితె గూడ చెయ్యలె. అనుమానంతోని పెడమొఖం పెట్టుకున్న. ఇప్పుడు చేస్తందుకొచ్చిన."

నీలి బాపు దిక్కు చూసింది, తారి దిక్కు చూసింది. తర్వాత సంకల పిలగాణ్ని తీసి తారి ఒళ్లె కూసోవెట్టింది.

"అయితె వీనికి గూడ కలిపి జెయ్యి" అన్నది.

గోపాల్ కంకరెత్తే ఇనుపతట్టల నిప్పులు పెట్టుకొచ్చి తల్లుల ముందర ఉంచిండు. "ఇక్కడ పొగ వద్దన్నం గద" అని ఫోనాయన ఎనకనుంచి అన్నడు. తారి అటు మళ్లి చూసింది, అంతే, ఆయన రెండడుగులు ఎనుకకు జరిగిండు. అప్పుడు ఒళ్లె పిలగాణ్ని సదిరి పట్టుకొని, కేసముద్రం నుంచి తెచ్చిన బెల్లం బువ్వ నిప్పుల మీద ఏసింది. నెయ్యి చెంచతోని పోస్తందుకు సుమ డబ్బ మూత తీసి పట్టుకున్నది. తారి చెంచ పక్కకు పెట్టి, డబ్బ మొత్తం వంచింది.